సువార్తమ్మ పంపిన బండి

ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు శంభులింగం మాస్టారికి లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని చేసి వచ్చేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరికి ఒళ్లునొప్పులు మిగిలేవి. రెండో రకంవాళ్లే ఎక్కువని బందరులో గిట్టనివాళ్లు అనేవారు. గిట్టనివాళ్లు లేని గురువు ఎక్కడున్నాడు గనక.

మాస్టారు రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులేసి, ఉద్యోగంలోంచి దిగిపోయాక సొంత ఇంటి వసారాలో చిన్న రైలుపెట్టెలు చేయడం మొదలుపెట్టారు. మూరెడు పొడవు, బెత్తెడు ఎత్తు. వాటిని సరదాపడి కొనుక్కుని అద్దాల బీరువాల్లో పెట్టుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. అయితే పెట్టె చేసి రంగు వేయడంతో పని అయిపోదు, సగమే అవుతుంది. కొత్త రంగు మీద ఎండ దెబ్బ, వాన చార, బ్రేకుల దగ్గర లేచే గోధుమరంగు పొడి, కిటికీ కింద కిళ్లీ మరక అన్నీ తెప్పించి, ఏళ్ల తరబడి పట్టాల మీద తిరిగిన పెట్టెలా కనిపించేట్టు చేయడం మిగతా సగం. ఆ వసారాలో దాన్ని 'ఎండావానా పెట్టడం' అనేవాళ్లు.

ఎండావానా పెట్టడంలో కమలాకర్ అందె వేసిన చెయ్యి. అతను అంతకుముందు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ కూడు కాస్తా పోగొట్టాక, ముప్పై దాటిన వయసులో మాస్టారి దగ్గర చేరాడు. చెయ్యి చురుకు, కన్ను అంతకన్నా చురుకు. నోరు ఆ రెండింటికన్నా చురుకని మాస్టారి భార్య అనేది, కాఫీ ఇస్తూనే.

ఆ ఏడు బందరు స్టేషన్లో బోగీలు కడిగే సువార్తమ్మ రిటైరవుతోంది. పొద్దున ఊరు చేరిన బండిని మళ్లీ సాయంత్రం బయల్దేరేలోగా కడిగి పంపేవాళ్లలో ఆమే పెద్దది. తోటివాళ్లంతా కలిసి, ఆమె చేతి మీదుగా ఎక్కువసార్లు పోయిన నీలం బోగీని చిన్నగా చేయించి సన్మానంలో ఆమెకు ఇవ్వాలనుకున్నారు. మాస్టారు ఆ పని మొత్తం కమలాకర్‌కి వదిలేశారు. ఇంకొకరి చెయ్యి పడకుండా అతను చేసే మొదటి పెట్టె అది.

అతను దాన్ని ప్రాణం పెట్టి చేశాడు. పొద్దున్నే స్టేషన్‌కి పోయి, బండి వచ్చి ఆగీ ఆగగానే, దుమ్ము ఇంకా వేడిగా ఉండగానే ఫొటోలు తీసుకునేవాడు. ఇంటికొచ్చి మరక పక్కన మరక పెట్టేవాడు. కిటికీ ఊచల దగ్గర తలనూనె జిడ్డు, ఎవరో వొలకబోసిన టీ కిందికి జారి ఎండిన చార, మరుగుదొడ్డి గొట్టం కింద తుప్పు, తలుపు పక్కన వాంతి చేసుకున్న జాడ కూడా వదల్లేదు. చూసినవాళ్లకి ముక్కు మూసుకోవాలనిపించేది. అంతకన్నా మెప్పు ఏముంటుంది.

మాస్టారు ఆ పెట్టెను వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూశారు. "చెయ్యి బాగా కుదిరింది," అన్నారు. ఆ వెంటనే, "ఇది ఎవరి బోగీ?" అని అడిగారు.

కమలాకర్‌కి ఆ అడగడం నచ్చలేదు. పొగడ్త పక్కనే ప్రశ్న వస్తే ఎవరికి నచ్చుతుంది. "ఎవరిదేమిటండీ, రైల్వేవాళ్లది. ఉన్నది ఉన్నట్టు చేశాను. ఉన్నది ఉన్నట్టు చేస్తే చాలదా మాస్టారూ? ఇంకేం కావాలి?"

"ఆవిడకి చూపించావా?"

"ఎల్లుండి సన్మానంలో చూస్తుంది గదండీ."

"ముందే చూపించి రా," అన్నారు మాస్టారు.

కమలాకర్ పెట్టెను తువ్వాల్లో చుట్టుకుని, కొత్త అల్లుడిలాగా దర్జాగా స్టేషన్‌కి వెళ్లాడు. బోగీలు కడిగే వాషింగ్ లైనులో పనివాళ్లు చుట్టూ మూగారు. అచ్చు దింపేశావన్నారు. ఆ కిళ్లీ మరక చూడరా, నీదేనేమో అని ఒకణ్ణొకడు ఆట పట్టించుకున్నారు. సువార్తమ్మ పైపు కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చింది. పొట్టి మనిషి, నడుం కాస్త వంగింది. పెట్టెను ముట్టుకోకుండా ఒక వైపు చూసింది, చుట్టూ తిరిగి రెండో వైపు చూసింది. ఆమె మొహంలో వెలుగు తగ్గడం కమలాకర్‌కి స్పష్టంగా కనిపించింది.

"ఇది ఎప్పటి బండి బాబూ?" అంది.

"మొన్న పొద్దున వచ్చిన బండేనమ్మా. రాగానే ఫొటోలు తీసి, మక్కీకి మక్కీ దింపాను."

"వచ్చిన బండి," అంది సువార్తమ్మ. "నేను పంపిన బండి కాదుగా."

చుట్టూ ఉన్నవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. ఆమె కోప్పడలేదు. కోప్పడితే కమలాకర్ కూడా ఏదో ఒకటి అని గట్టెక్కేవాడు. ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఎల్లుండి మా పిల్లలు వస్తారు, ఆఫీసర్లు వస్తారు. బల్ల మీద ఇది పెడతారు. ముప్పై ఏళ్లు ఈవిడ ఏం కడిగిందిరా అనుకుంటారు. ఇది పెట్టేట్టయితే నేను రాను. నాకు సన్మానమూ వద్దు, ఏమీ వద్దు." ఆ మాట అనేసి మళ్లీ పైపు విప్పుకుంది. అన్నదంటే అన్నదే, ఆమె మాట అలాంటిదని లైనులో అందరికీ తెలుసు. సన్మానం ఎవరికో ఆ మనిషే రాకపోతే దండ ఎవరి మెడలో వేస్తారని ఒకాయన గొణిగాడు. అందరూ కమలాకర్ వంక చూశారు.

అతను సిగ్గుతోనూ కోపంతోనూ వసారాకి తిరిగి వచ్చాడు. "నేను లేనిది ఒక్కటి పెట్టానేమో చూపించమనండి," అన్నాడు. "నిజం చేస్తే గిట్టదు. అబద్ధం చేయమంటారా?" మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది చూసి కమలాకర్‌కి మరింత మండింది. మురికి వద్దంటే అసలు మురికే లేకుండా చేస్తానని, రెండు వారాల పనినీ కిరసనాయిలు గుడ్డతో ఒక్క పూటలో తుడిచేశాడు. మళ్లీ నీలం కొట్టాడు, కిటికీల వెంట లేత పట్టీ దిద్దాడు, నంబరు ముత్యాల్లా రాశాడు. సాయంత్రానికి పెట్టె తళతళలాడిపోతోంది. దాన్ని మాస్టారి ముందు కాస్త గట్టిగానే పెట్టాడు.

మాస్టారు చూశారు. "ఇది ఫ్యాక్టరీలోంచి ఇప్పుడే దిగింది," అన్నారు. "ఆవిడ ఇంకా ఉద్యోగంలో చేరలేదు."

కమలాకర్ చతికిలబడ్డాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ. "మరి నన్నేం చేయమంటారండీ?" అని ఈసారి నిజంగా అడిగాడు.

"రేపు బండి వచ్చేసరికి లైనుకి వెళ్లి ఆవిడ పక్కన ఒక బోగీ కడిగి రా."

మర్నాడు వెళ్లాడు. సూపర్‌వైజరు తెలిసినవాడే గనక నవ్వి ఊరుకున్నాడు. సువార్తమ్మ మాత్రం నవ్వలేదు. నువ్వెందుకొచ్చావన్నట్టు చూసింది. మాస్టారు ఒక బోగీ కడిగి రమ్మన్నారని అతను చెబితే, మీ మాస్టారికి పనీపాటా లేదేమిటని ఒక బ్రష్షు అతని చేతికిచ్చింది. పొడుగు కర్రకి కట్టిన బ్రష్షు అది, సబ్బునీళ్లు తాగితే మనిషంత బరువుంటుంది. కమలాకర్ దాన్ని రెండు వేళ్లతో కుంచె పట్టినట్టు పట్టాడు.

"అది బొమ్మలేసే కుంచె కాదు బాబూ. దానికి సిగ్గెక్కువ, గట్టిగా పట్టుకుంటే గానీ పని చేయదు," అంది సువార్తమ్మ. నిన్నటి నుంచి ఆమె అతనితో అన్న మొదటి మంచి మాట అది.

ఆమె ఒక బోగీ, అతను పక్క బోగీ. సగం కూడా కాకముందే అతని భుజాలు పట్టేశాయి. కిటికీ కింద కిళ్లీ మరక మీద ఎంత రుద్దినా కదల్లేదు. పక్కన సువార్తమ్మ అలాంటి మరక మీదే తన ఒంటి బరువంతా వేసి రుద్దుతోంది. అక్కడ నీలం పాలిపోయి, చాలాసార్లు ఉతికిన లుంగీలా అయిపోయి ఉంది. నంబరులో చివరి రెండంకెలూ సగం అరిగిపోయాయి. ఆ పాలిపోయిన చోట్లు అతని ఫొటోల్లో కూడా ఉన్నాయి. వాటి మీద మురికి ఉన్నందువల్ల అతని కన్ను మురికినే పట్టుకుంది. ఇన్నాళ్లూ చూసింది చూపే కాదని అతనికి మొదటిసారి అనిపించింది.

కడగడం అయ్యాక వెనక్కి జరిగి రెండు బోగీలనూ చూశాడు. తను ఆరడుగుల మనిషి. తను కడిగిన బోగీ పైచూరు దాకా శుభ్రంగా ఉంది, మధ్యలో మాత్రం ఎక్కడికక్కడ మరకలు మిగిలాయి. సువార్తమ్మ కడిగిన బోగీలో మధ్యలో ఒక్క మరక లేదు. పైన, చూరు కింద మాత్రం జానెడు వెడల్పున నల్లటి పట్టీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండిపోయింది. దాని కింది అంచు ఎక్కుతూ దిగుతూ ఉంది, బ్రష్షు ఎంతవరకు పోయిందో అంతవరకు. అంతకు మించి ఆమె చెయ్యి పోదు. కమలాకర్ ఆ అంచును చూస్తూ నిలబడ్డాడు. ఫొటో మాత్రం తీసుకోలేదు.

ఇంటికొచ్చి కొత్త నీలం పెట్టెను ముందు పెట్టుకున్నాడు. పళ్లు తోముకునే బ్రష్షును పొట్టిగా కత్తిరించి, తడిపి, పళ్లపొడిలో అద్ది, ఆ పెట్టెను కడగడం మొదలుపెట్టాడు. కింది నుంచి పైకి, మళ్లీ పై నుంచి కిందికి, ఆమె చెయ్యి ఆడినట్టే. కిటికీల కింద ఎక్కువసేపు రుద్దాడు. ముత్యాల్లాంటి నంబరు చివరి అంకెలు అరిగిపోయేదాకా రుద్దాడు. చూరు కింద ఒక పట్టీ మాత్రం బ్రష్షు తగలనివ్వకుండా వదిలేసి, దాని మీద మసిపొడి, ఇటుకపొడి కలిపి సన్నగా అద్దాడు. ఆ పొడి కదలకుండా ఉండాలంటే పైన వార్నిషు పడాలి, అది ఆరాలి. అప్పటికే సన్మానం రోజు పొద్దెక్కింది, అంత వ్యవధి లేకపోయింది. మాస్టారు వచ్చి చూశారు గానీ బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. చొక్కా మార్చుకో, సన్మానానికి వేళవుతోంది అన్నారు.

పనివాళ్లందరికీ, ఆఖరి రోజు డ్యూటీలో ఉన్న సువార్తమ్మకి కూడా, సాయంత్రం బండి పని ఉంది గనక సన్మానం మధ్యాహ్నమే పెట్టారు. లైను పక్కన షామియానా వేశారు, అద్దె కుర్చీలు వేశారు. సువార్తమ్మ వచ్చింది, కానీ వేదిక ఎక్కలేదు. అక్కడే కింద నిలబడి, వేదిక ముందు బల్ల మీద తువ్వాలు కప్పి ఉన్న పెట్టె వంక అనుమానంగా చూసింది. ముందు దాని సంగతి తేలాలన్నట్టు నిలబడిపోయింది. దండ పట్టుకున్న ఆఫీసరు దండతోనే నిలబడ్డాడు. కమలాకర్ తువ్వాలు తీసి, పెట్టెను తనే రెండు చేతులా ఆమె ముందుకు పట్టుకున్నాడు.

ఆమె వంగి చూసింది. కిటికీల కింద పాలిపోయిన నీలాన్ని చూపుడువేలితో నిమిరింది. "ఈ నంబరు అరగ్గొట్టింది మనమే," అని తోటివాళ్లతో అంది. "కడిగీ కడిగీ." అందరూ నవ్వారు. ఆమె పిల్లలు ముందుకొచ్చి తొంగి చూశారు. కమలాకర్‌కి ఊపిరి తిరిగింది, ఇన్నేళ్లలో అంత సంతోషం అతనికి లేదు.

అప్పుడు ఆమె చూపు పైకి, చూరు కిందికి పోయి ఆగింది.

"ఇది కూడా పెట్టావా బాబూ," అంది. "ఎన్నేళ్లు కాలివేళ్ల మీద నిలబడ్డానో. అందేది కాదు. ఎవరూ చూడరులే అనేవాళ్లు. నాకు కనపడేది."

అని, పెట్టెను అతని చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టుకుంది. కట్టుకున్న కొత్త చీర కొంగు తీసి, నోటితో ఆవిరి ఊది, చూరు కింది పట్టీని ఆ కొస నుంచి తుడవడం మొదలుపెట్టింది. వార్నిషు లేని పొడి కొంగుకి నల్లగా అంటుకుంటోంది. తుడిచిన చోటల్లా, ఏ బ్రష్షూ తగలని నీలం కొత్తగా బయటపడుతోంది. ఆఫీసరు ఏదో చెప్పబోయాడు, ఆమెకి వినపడలేదు.

కమలాకర్ ఒక్క అంగలో ముందుకెళ్లబోయాడు. మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"చెరిపేస్తోందండీ," అన్నాడు కమలాకర్.

"చెరపనీ," అన్నారు మాస్టారు. "ఆవిడ డ్యూటీ సాయంత్రం దాకా ఉంది."