ముంగమ్మ కొడుకు కునుకు

గొర్రె అనగానే నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ముంగమ్మను ఎరగరు కాబట్టి నవ్వుతున్నారులే అని నేను ఊరుకుంటాను.

వరి కోసేసిన పొలంలో ఎరువు కోసం గొర్రెల, మేకల మంద పెట్టారు. పెద్దవన్నీ పొద్దున్నే మేతకు వెళ్తే, అప్పుడప్పుడే పుట్టిన పిల్లలు తుమ్మకంపతో కట్టిన దొడ్డిలో ఉండేవి. సాయంత్రం తల్లులొచ్చి కంప బయట నిలబడి పిలుస్తాయి. ఏ పిల్లకా పిల్ల వాళ్లమ్మ గొంతు గుర్తుపట్టి పరుగెత్తాలి. పొరపాటున పరాయి తల్లి దగ్గరికి పోతే పాలు దొరకవు సరికదా, డొక్కలో ఒక పోటు పడుతుంది. అందుకే ఆ దొడ్డిలో మొదటి చదువు అమ్మ పిలుపే.

ముంగమ్మ చెప్పే చదువు చాలా చిన్నది. ముందు ఒకసారి ముక్కు చీదేది, తర్వాత గొంతు దించి పిలిచేది, పాలిచ్చేది. పొట్ట నిండగానే కొడుకు బొద్దోడు ఆమె కాలి మీద తలపెట్టి నిద్రపోయేవాడు. వాడు లేచేదాకా ఆమె ఈగ వాలినా కదిలేది కాదు.

పక్కనే ఉండే మేక చుక్కమ్మకు అది చూస్తే ఒళ్లు మండేది. ఆవిడ తన కూతురు సిరికి తన పిలుపే కాదు, మందలో తల్లులందరి పిలుపులూ, ఏ ఆకు తినాలో ఏది తినకూడదో కూడా నేర్పుతోంది. పిల్లకు కన్ను మూతపడితే కొమ్ముతో పొడిచి లేపేది. చెప్పిన వెంటనే అడిగితే సిరి అన్నీ గడగడా అప్పజెప్పేది. మర్నాడు అడిగితే తల్లి మొహం చూసేది. దాంతో చుక్కమ్మ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది.

ఈ పద్ధతి ఆవిడకు చెప్పింది నక్క. రోజూ కాలవగట్టు మీద నిలబడి మర్యాదగా పలకరించేది. "మీ అమ్మాయి తెలివి చూస్తే ముచ్చటేస్తోంది వదినా. పడుకోనివ్వకండి, నిద్రపోతే నేర్చుకున్నదంతా కారిపోతుంది" అనేది. తన పిల్లను మెచ్చుకున్నవాళ్లెవరూ చుక్కమ్మ కళ్లకు నక్కలా కనిపించరు.

ఒకరోజు పొద్దున చుక్కమ్మ ఉండబట్టలేక, నీ కొడుకు మొద్దులా పడుంటే నీకు దిగులుగా లేదా అని ముంగమ్మను అడిగింది.

"తాగిన పాలు ఒంటికి పట్టడానికి కాస్త టైం కావాలి కదా చుక్కమ్మా. చంటివాళ్లకు విన్నదీ అంతే, పడుకుంటేనే బుర్రకు పడుతుంది. నేను చెప్పేది కొంచెం. మిగతాది వాడి నిద్ర చూసుకుంటుంది."

గొర్రె తెలివి ఇంతేలే అని చుక్కమ్మ నవ్వి మేతకు వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే దొడ్డికి కాపలా ఉండే కుక్క కాటుకన్న నీళ్లు తాగడానికి కాలవలోకి దిగాడు. నక్క కోరుకున్నదీ అదే. కంప పలచగా ఉన్న వెనక పక్కకు వచ్చి చుక్కమ్మ గొంతు పెట్టి పిలిచింది. సిరికి నిద్రలేక తల దిమ్ముగా ఉంది. విన్న పిలుపులన్నీ బుర్రలో కలగాపులగం అయిపోయాయి. అమ్మేనేమో అనుకుని తూలుతూ కంప దాకా వెళ్లింది. ఇంకొక్క అడుగు వేస్తే నక్క నోటికి అందుతుంది.

ఆ పిలుపుకు బొద్దోడికి మెలకువ వచ్చింది.

"పోకు సిరీ. మీ అమ్మ చివర్లో గొంతు పైకి లాగుతుంది. ఇది లాగలేదు."

రోజూ నిద్రలోకి జారుకునే ముందు పక్కింటి పిలుపు కూడా వాడి చెవిన పడేది. నిద్ర దాన్నీ భద్రంగా దాచిపెట్టింది. సిరి బెదిరి వెనక్కి వచ్చేసింది.

నక్కకు కడుపు మండింది. ఆ బక్కది పోతే పోయింది, ఈ బొద్దుగా ఉన్నవాణ్నే పట్టుకుందామనుకుని ఈసారి ముంగమ్మలాగా గొంతు దించి పిలిచింది. నిజం చెప్పాలంటే గొంతు భలేగా కుదిరింది. బొద్దోడు ముందుకొచ్చాడు. అంతలోనే ఆగాడు.

"అమ్మా, ఇవాళ ముక్కు చీదలేదేం?"

ఓస్ ఇంతేనా అనుకుంది నక్క. బాగా వినిపించాలని ముట్టె కంపలోకి దూర్చి గట్టిగా చీదింది. తుమ్మముల్లు ముక్కులోకి దిగింది. ఆ నొప్పికి అరువు గొంతు ఎగిరిపోయి సొంత ఊళ బయటికొచ్చింది. కాటుకన్న ఒక్క గెంతులో గట్టెక్కి దాన్ని పొలం చివరిదాకా తరిమాడు. నక్క ముక్కులో ముల్లు ఉంచుకుని, తోక బొచ్చు సగం కంపకు వదిలేసి పోయింది.

సాయంత్రం సంగతి విని చుక్కమ్మ పరుగున వచ్చింది. కూతుర్ని తల నుంచి తోక దాకా వాసన చూసింది. సిరికి కళ్లు వాలిపోతున్నాయి. అలవాటు కొద్దీ చుక్కమ్మ కొమ్ము వంచింది గానీ పొడవలేకపోయింది. మెల్లగా పక్కన పడుకుని పిల్లకు తన ఒళ్లు ఆనించింది.

ముంగమ్మ మాత్రం మందంతా వినేలా, "వాడు నా కొడుకు" అంది. ఆ గొర్రె అంత నిటారుగా నిలబడగా ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎవరిని మెచ్చుకుందో ఆ కొడుకు మాత్రం వినలేదు. ఆమె కాలి మీద తలపెట్టి అప్పటికే నిద్రపోయాడు.

చంటిపిల్ల నిద్రపోతోందంటే చదువు మానేసిందని కాదు, నేర్చుకున్నది దాచుకుంటోందని.