చిరుతకి వీపు తిప్పేదెవరు?

తుమ్మలకోన అడవికి పేరుకు మాత్రం ముసలి ఏనుగే పెద్ద. పనంతా ప్రధానమంత్రి నక్కది. అంత పెత్తనం చేతిలో ఉన్నా పాపం, నక్కకి కంటినిండా నిద్ర లేదు. ఎందుకంటారా? రోజూ పొద్దున్నే మడుగు దగ్గర సభ. నక్క అక్కడి రాతిబండ ఎక్కి, అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పాలి. జవాబు నచ్చకపోతే జంతువులు వీపు తిప్పేస్తాయి. సగానికి మించి వీపులు కనబడ్డాయా, ఆ పూటే బండ దిగాలి. అదీ అక్కడి ఆచారం.

"ఏమయ్యా మంత్రీ! తూర్పు పక్క కలుగులన్నీ నీ చుట్టాలకే కట్టబెట్టావంట. నా పిల్లలు ఎక్కడ తలదాచుకోవాలి?" అని ఒకరోజు కుందేలు నిలదీసింది.

నక్క ఏదో సర్దిచెప్పబోయింది. అక్కడో వీపు, ఇక్కడో వీపు తిరిగాయి. అడవిదున్న కూడా తిరగబోయి ఆగింది. ఈ రోజువారీ చావు ఇక తన వల్ల కాదనుకుంది నక్క.

మర్నాడు బండెక్కి గొంతు వణికించింది.

"అయ్యలారా, అమ్మలారా! రేచుకుక్కలు పొలిమేర దాటాయి. రోజూ మాటలతో పొద్దుపుచ్చితే అందరం పోతాం. ఏటి అవతల అడవిలో అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటే అయిదేళ్లూ కదిలించరు. మనం చిరుతని ఎన్నుకుందాం."

"ఒరే, అక్కడ అధ్యక్షుడు హద్దు మీరితే అతనికి నీటిరేవు మూసేసే హక్కు సభకుందిరా. ఆ పగ్గం కూడా తెస్తున్నావా?" అంది దున్న.

"అవన్నీ తీరిగ్గా చూద్దాం మామా! ముందు ప్రాణాలు దక్కనీ."

"ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది నీ యవ్వారం," అని దున్న గొణిగింది. కానీ రేచుకుక్కల పేరు వినగానే అందరికీ వణుకు పుట్టింది. తలలూపేశారు. ఏనుగు తప్పుకుంది, చిరుత బండెక్కింది. చిరుత దగ్గర ముందే మాట పుచ్చుకున్న నక్క మంత్రిగానే ఉండిపోయింది.

సభ లేదు, ప్రశ్న లేదు. నక్క హాయిగా నిద్రపోయింది. ఓ పొద్దున కుందేలు పిల్ల కనబడలేదు. తర్వాత దుప్పి దూడ. అడవంతా గుసగుసలు కూడా మానేసింది.

"మంత్రీ, నీ చుట్టాల కలుగులు ఎటున్నాయి?" అని చిరుత ఒకనాడు మెల్లగా అడిగింది.

"ప్రభూ! నేను తమ మంత్రిని కదా!"

"నిన్ను నిలబెట్టిందెవరు?"

"తమరే."

"మరి తీసెయ్యాల్సిందెవరు?"

నక్క ఒక్క పరుగున మడుగు దగ్గరికొచ్చి పడింది. నీళ్లు తాగుతున్న జంతువుల ముందు నిలబడి ఏడ్చేసింది.

"సభ పెట్టండి! మీ కాళ్లు పట్టుకుంటాను, చిరుతకి వీపు తిప్పండి! దింపెయ్యండి!"

కుందేలు అంది: "నీకు వీపు తిప్పితే నీ పదవి పోయేది. చిరుతకి వీపు తిప్పితే మా మెడలు పోతాయి మామా."

జంతువులన్నీ బండ వైపే చూస్తూ, రెప్ప వెయ్యకుండా, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాయి.

"ఏంటర్రా, ఎటు చూస్తున్నారు?" అంది నక్క.

వెనక బండ మీద మెత్తటి అడుగు చప్పుడైంది. అక్కడ బండకి వీపు తిప్పి నిలబడింది నక్క ఒక్కటే.

నీతి: పదిమంది ప్రశ్నలకి జడిసి ఒక్కడి దయ కోరుకున్నవాడికి, ఆపద వేళ అడిగే నోరు ఒక్కటీ మిగలదు.