పిడకల మాణిక్యాంబ గోడ

అమ్మవారి పేరు మాణిక్యాంబ. వయసు ఇరవై ఆరు. పిడక కొట్టాక చూపుడువేలితో దాని మీద ఏదో ఒకటి రాయడం ఆమె అలవాటు.

దేవతకు వయసు చెప్పే క్షేత్రం ఈ చుట్టుపక్కల మరొకటి లేదు. గుమ్మడిదిబ్బ గ్రామంలో పశువుల బాట పక్కనున్న ఈ గుడిలో విగ్రహం ఉండదు, గర్భాలయం ఉండదు. ఒక మట్టిగోడ, దాని మీద పెంకుల కప్పు, గోడ నిండా పిడకలు ఉంటాయి. నడిమధ్య నల్లరాతిలో చెక్కిన పిడక మీద ‘రాసింది మాణిక్యం. వయసు ఇరవై ఆరు’ అని భక్తులు స్వయంగా చదువుకోవచ్చు. అది నకలు. అసలు పిడక ఏమైందో చివర విన్నవించుకుంటాం.

పూర్వం ఇక్కడ గుడి లేదు. వీర్రాజు అనే రైతు గొడ్లచావిడి ఉండేది. ఆయన భార్య మాణిక్యం. ఆమె పుట్టింట్లో పిడకలు కొట్టే గోడకు అవతలి పక్క వీధిబడి నడిచేది. మగపిల్లలు ఇసుకలో వేలు పెట్టి దిద్దుతూ గొంతు చించుకుని అరుస్తుంటే, గోడకున్న బొరియలోంచి చూస్తూ ఆమె ఇవతల పేడలో దిద్దింది. వాళ్ళు మూడేళ్ళలో నేర్చుకున్నది ఆమె రెండేళ్ళలో నేర్చుకుంది. బెత్తం దెబ్బలు కూడా తినలేదు. ఈ సంగతి ఆమె పెళ్ళిలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

కూతురు చిలకమ్మకు నాలుగేళ్ళు నిండాయి. దసరా వెళ్ళగానే మేనత్త వచ్చి పిల్లను తీసుకుపోవాలని, అక్కడ పసివాడి ఉయ్యాల ఊపడానికి ఒక మనిషి కావాలని, ఇంట్లో పెద్దలు తీర్మానించారు. పెద్దలంటే వీర్రాజు, ఆయన తల్లి అచ్చియమ్మ. మాణిక్యానికి ఆ తీర్మానం అన్నాలు వడ్డిస్తుండగా తెలిసింది.

కాపురానికి వచ్చిన ఎనిమిదేళ్ళలో పుట్టింటి కబురు ఎప్పుడు వచ్చినా వేరేవాళ్ళ నోటే వచ్చింది. ఆ నోళ్ళన్నీ ‘అందరూ క్షేమం’ అనే చెప్పాయి. తల్లి పోయిన సంగతి ఆమెకు పెద్దకర్మ అయిపోయాక తెలిసింది. అందుకని చిలకమ్మ ఊరు దాటేలోగా ఒక్క ముక్క రాయగలగాలని మాణిక్యం పట్టుపట్టింది. ‘అమ్మా, నాకు ఇక్కడ బాగాలేదు, రా.’ అంతకు మించిన పాండిత్యం ఆమె కోరలేదు.

అత్తగారితో ఒకసారి మాట కదిపి చూసింది.

“ఆడది అక్షరం ముట్టుకుంటే మొగుడు పోతాడే!” అంది అచ్చియమ్మ.

“చిలకమ్మకు మొగుడే లేడు కదత్తా.”

“నీకున్నాడుగా! వాడు నా కొడుకు!”

అదే సమయానికి ఆ కొడుకు, అక్షరాలన్నీ వచ్చిన భార్య చేతి గారెల్లో పదకొండోది తింటున్నాడు. మాణిక్యం ఆ మాట మింగి పన్నెండోది వడ్డించింది.

మర్నాటి నుంచి చావిడి వెనక గోడ మీద బడి మొదలైంది. పేడలో ఊక కలిపి, ముద్ద చేసి గోడకు కొట్టి, తడి ఆరకముందే అక్షరం రాసేది. పిల్ల గోడంతా వెతికి దాని జత పట్టుకోవాలి. ‘అ’ అంటే లోలాకుతో సహా అవ్వ చెవి. ‘ర’ అంటే తలపాగా పెట్టుకున్న మునసబు గారి మొహం. పాఠం వచ్చాక పుస్తకం ఎండిపోయి పొయ్యిలోకి పోయేది. ఇంత శుభ్రంగా సాక్ష్యం మాయమయ్యే బడి మరొకటి లేదు. ఆరు నెలలు తిరిగేసరికి అక్షరాలు మాటలయ్యాయి. మాటలు వాక్యాలయ్యాయి. పిల్లకు తెలియని రాజులూ ఋషులూ ఎందుకని, కళ్ళెదుట జరిగేదే రాసింది మాణిక్యం. ఒక మధ్యాహ్నం ఐదు పిడకల మీద వరసగా రాసిన పాఠం ఇది: ‘అవ్వ గురక పెట్టింది. పిల్లి పారిపోయింది.’

దసరాకు ఇంకా పది రోజులుంది. ఆ సాయంత్రం మునసబు గారి గేదె తప్పిపోయింది. దాన్ని వెతుక్కుంటూ గొల్ల సింహాద్రి ఆ బాటన వచ్చాడు. గేదె గోడకు వీపు రాసుకుంటోంది. దాని వెనక పిడకల మీద అక్షరాలు! సింహాద్రికి చదవడం రాదు గానీ, మునసబు గారి కాగితాల మీద అలాంటివి ఎన్నో చూశాడు. గేదెను అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తాడు.

తెల్లారేసరికి ఊరంతా గోడ ముందుంది. మునసబు గారు విచారణ జరిపించారు. వీర్రాజు వేలిముద్ర మనిషి. పాలేరుకు ఆ ముద్ర వెయ్యడం కూడా రాదు. చావిడిలో మిగిలినవి ఎద్దులూ గేదెలూ. ఇంట్లో అక్షరం వచ్చిన వాడు లేడు కనక, రాసింది అమ్మవారేనని తేలిపోయింది. మోచేతుల దాకా పేడతో మాణిక్యం అక్కడే నిలబడి ఉంది. ఆమె వంక ఎవరూ చూడలేదు. పేడ తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె వెనకే వచ్చిన వీర్రాజుకు, దించమని ఎవరూ చెప్పకపోవడం వల్ల, దాన్ని దించాలని తోచలేదు.

అచ్చియమ్మ ఆనందానికి హద్దుల్లేవు. “మా గోడేనమ్మా, మా గేదె పేడే,” అని వచ్చిన ప్రతివారికీ కుంకుమ పెట్టింది.

వీధిబడి పంతులు సోమన్న గారు వచ్చి గోడ చదివారు. రెండోసారి చదివారు. అమ్మవారు గురక గురించి, పిల్లి గురించి రాస్తుందని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. కళ్ళు మూసుకుని, గొంతు పెంచారు.

“ఇక్కడ తనకు గుడి కట్టమని అమ్మవారి ఆజ్ఞ! అర్చకుడిగా సోమన్ననే నియమించమని ఆజ్ఞ! ఆడవాళ్ళ నీడ ఈ గోడ మీద పడరాదని ఆజ్ఞ!”

మాణిక్యం మనసులో లెక్క వేసుకుంది. పది రోజులు. పిల్లకు రాయడం ఇంకా సగమే వచ్చింది. గోడ పోతే పిల్ల ఆ ముక్క ఎప్పటికీ రాయలేదు. నేనే రాశానందామంటే, మొగుణ్ణి చంపడానికి చూసిందని ముందు అత్తే మీద పడుతుంది.

ఆ సమయంలో ఆమె చంకన ఉన్న చిలకమ్మ వేలు చాపి, పాఠం అప్పగించే గొంతుతో గట్టిగా చదివింది.

“అవ్వ గురక పెట్టింది. పిల్లి పారిపోయింది.”

జనం పిల్ల వైపు తిరిగారు.

“పసిపిల్ల, ఏదో వాగుతోంది,” అన్నారు పంతులు గారు.

మునసబు గారు కళ్ళజోడు సవరించుకుని గోడ దగ్గరకు వంగారు. ఆయన పెదవులు మెల్లగా కదిలాయి. “గు... ర... క. అవునయ్యా, గురకే! ఇందులో నీ పేరెక్కడుందీ పంతులూ?”

పంతులు గారు చదువుకున్నవారు. రెప్పపాటులో చిలకమ్మ ముందు సాష్టాంగపడ్డారు. “అమ్మవారు పిల్లను పూనింది! నాలుగేళ్ళ ఆడపిల్ల చదవడం మరెలా సాధ్యం?”

ఊరంతా దండాలు పెట్టింది. మాణిక్యానికి దారి కనబడింది. జుట్టు విరబోసుకోవడానికి చేతులు ఖాళీ లేక, ఉన్నపళంగానే చెప్పింది.

“నిన్న మధ్యాహ్నం అమ్మవారు నా కలలోకి వచ్చింది. ఈ పిల్ల గోడ విడిచి ఎక్కడికీ పోకూడదంది. ఊళ్ళో ఆడపిల్లలందరికీ ఐదేళ్ళు నిండకముందే ఈ గోడ మీద చదువు చెప్పాలంది. కాదంటే గేదెలు వట్టిపోతాయంది.”

మొదటి రెండు ఆజ్ఞలకూ తల ఊపని మగవాళ్ళు మూడోదానికి ఒక్కసారిగా ఊపారు.

అచ్చియమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. “పగలు నువ్వెప్పుడు పడుకున్నావే?”

“మీ గురకకి మెలకువ వచ్చేలోపు పడుకున్నానత్తా.”

దసరా వెళ్ళింది. మేనత్త వచ్చింది. చిలకమ్మ కాళ్ళకు పసుపు రాసి, ఉయ్యాల ఊపడానికి మొగుణ్ణి పెట్టుకుంటానని మొక్కుకుని వెళ్ళిపోయింది.

గోడ ముందు పదకొండు మంది ఆడపిల్లలు చేరారు. పాఠం మాణిక్యం చెప్పేది. పంతులు గారు పక్కన కూర్చుని, అమ్మవారి దస్తూరి ఎంత ముద్దుగా ఉందో భక్తులకు వివరించేవారు. ఒక నెల ఓర్చుకుంది మాణిక్యం. పిల్ల దక్కింది, బడి నిలిచింది, దస్తూరి మాత్రం వేరొకరి ఖాతాలో పడింది. ఒకనాడు పదిమందీ చూస్తుండగా పెద్ద పిడక కొట్టి, దాని మీద ‘రాసింది మాణిక్యం. వయసు ఇరవై ఆరు’ అని రాసి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

పంతులు గారు చదివి పులకించిపోయారు. “ఇన్నాళ్ళకు అమ్మవారు తన పేరు చెప్పింది! మాణిక్యాంబ! ఈ ఇంటి కోడలికి అదే పేరుండటం ఆమె పూర్వజన్మ సుకృతం.”

“రాసింది నేను! మీ ఎదుటేగా రాశానూ!” అంది మాణిక్యం.

“నీ చేత రాయించిందమ్మా,” అన్నారు అందరూ.

దీనివల్ల ఒక్క లాభం కలిగింది. పేరు పెట్టి తిడితే అమ్మవారికి తగులుతుందని, అచ్చియమ్మ ఆనాటి నుంచి కోడల్ని తిట్టడం మానేసింది.

నేటికీ బిడ్డను బడికి పంపే ముందు తల్లులు ఇక్కడికి వస్తారు. తల్లి పిడక కొట్టి అక్షరం రాస్తుంది, బిడ్డ చదువుతుంది. ఆ కార్యం ముగిసేదాకా తండ్రి పేడ తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడాలి, మధ్యలో సలహాలు చెప్పరాదు. చివర అర్చకులు ‘అవ్వ గురక పెట్టింది, పిల్లి పారిపోయింది’ అని మూడుసార్లు పఠించి అక్షతలు వేస్తారు. ఎండిన పిడకను ఇంటికి తీసుకెళ్ళి దాని మీద పాలు కాచి బిడ్డకు పట్టిస్తే చదువు నిలుస్తుందని నమ్మకం. రోజూ ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని పావుగంట చదివించిన వారికి ఫలితం ఎక్కువగా కనిపిస్తోంది.

ఇక అసలు పిడక సంగతి. అచ్చియమ్మ అరవై రెండో ఏట, గుడి ఇల్లాలికి చదువు రాదంటే నామోషీగా ఉందని, కోడలి దగ్గర అక్షరాలు దిద్దింది. ఏడాదికి కూడబలుక్కోవడం వచ్చింది. ఒక ఉదయం ఒంటరిగా గోడ ముందు నిలబడి నడిమి పిడకను చదివింది. తర్వాత వెనక్కి తిరిగి కోడలి వేలి వంక చూసింది.

“నువ్వేనా?”

“నేనేనత్తా.”

“మరి నా కొడుకు బతికే ఉన్నాడేమే?”

“గారెలు తిని.”

గుమ్మడిదిబ్బలో ఆ పిడకను చదవగలిగినవాళ్ళు అప్పటికి ముప్పై మంది ఉన్నారు. రాసినదాన్ని రాసినట్టుగా చదివింది అచ్చియమ్మ ఒక్కతే. ఆ సాయంత్రం మాణిక్యం గోడ నుంచి అమ్మవారిని ఊడదీసి, పొయ్యిలో పెట్టి, అత్తగారి స్నానానికి నీళ్ళు కాచింది.