గుమ్మడిలంక అడిగిన సెలవు

అనగా అనగా, ఏటికి ఇవతలా కాదు, అవతలా కాదు, సరిగ్గా నడిమధ్యన ఒక లంక ఊరు ఉండేది. దాని పేరు గుమ్మడిలంక. చుట్టూ గోదారి, లోపల అరటితోటలు, తోటల మధ్య ఓ తాటాకు ప్రార్థన ఇల్లు.

ఆ ప్రార్థన ఇంటికి జీతం పుచ్చుకునే అయ్యగారు లేరు. ఇలా చెయ్యండి, అలా చెయ్యండి అని పైనుంచి చెప్పేవాళ్ళూ లేరు. ఆదివారం పొద్దున్నే అందరూ చాపల మీద కూర్చునేవాళ్ళు. ఎవరి మనసులో పాట పుడితే వాళ్ళు అందుకునేవాళ్ళు, మిగతావాళ్ళు గొంతు కలిపేవాళ్ళు. ఒక్కోసారి ఇద్దరు రెండు పాటలు ఒకేసారి అందుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేసేవాళ్ళు.

ప్రభువు బల్ల దగ్గర విరిచి, ఆయన్ని తలుచుకుంటూ అందరూ పంచుకునే రొట్టెకి ఆ ఊరిదో పద్ధతి ఉంది. వారానికో ఇంటివాళ్ళు రొట్టె చెయ్యాలి. కానీ పిండి ఆ ఇంటిది కాకూడదు. వంతు వచ్చినవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి గుప్పెడు గుప్పెడు పిండి అడిగి తేవాలి. ఒక్క గుమ్మం కూడా వదలకూడదు. ఎవరితోనైనా మాటలు లేకపోతే ముందు ఆ గుమ్మం దగ్గర నిలబడి మాట కలపాలి, అప్పుడే పిండి. అందుకని ఆ ఊళ్ళో అలకలు ఎక్కువకాలం నిలిచేవి కావు. రొట్టె మాత్రం ఓ వారం ఉప్పగా ఉండేది, ఓ వారం మాడిపోయేది. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఊళ్ళో సంఘానికి పెద్ద జెకర్యా. ఆయనా అందరిలాగే అరటితోట రైతు. అబద్ధం ఆడడని పేరు. ఏదైనా తేల్చాల్సి వస్తే జనం ఆయన్ని అడిగేవారు, ఆయన నలుగురినీ కూర్చోబెట్టి అడిగేవాడు. పని అలా నడిచిపోయేది.

ఇలా ఉండగా పట్నం నుంచి ఫిలేమోనుగారని ఒక పెద్దయ్యగారు పడవ దిగారు. తెల్లటి బట్టలు, చల్లటి మాట. ఆయన పాడితే మొగవాళ్ళు కూడా కండువాతో కళ్ళు తుడుచుకునేవారు. చుట్టుపక్కల లంకల్లో చాలా సంఘాలు అప్పటికే ఆయన మాట మీద నడుస్తున్నాయి.

మొదటిసారి వచ్చినప్పుడు ఆయన మైకుసెట్టు తెచ్చారు. మీ పాట పక్క లంకకి కూడా వినపడాలి అన్నారు. ఊరంతా మురిసిపోయింది. అయితే ఒక్క మాట, పది ఊళ్ళు పది పాటలు పాడితే గోలగా ఉంటుంది, ఏ వారం ఏ పాటో నేను కబురు పెడతాను అన్నారు. మంచిదేగా అనుకున్నారు అంతా. ఆ రోజు నుంచి మనసులో పాట పుట్టినవాళ్ళు దాన్ని మింగేసి, కబురు వచ్చిన పాట పాడారు.

రెండోసారి వచ్చినప్పుడు కప్పుకి రేకులు తెచ్చారు. తాటాకు తీసేసి రేకులు వేశారు. వానకి భయం లేదిక. అయితే ఒక్క మాట, మీలో మీకు తగాదాలొస్తే మీరే తీర్చుకోవడం వల్ల మొహమాటాలు వస్తాయి, నాకు చెప్పి పంపండి, నేను తీరుస్తాను అన్నారు. అదీ మంచిదేగా అనుకున్నారు.

ఆ మంచిని మొట్టమొదట వాడుకున్నది జెకర్యానే. పక్కతోట లాజరుకీ ఆయనకీ గట్టు మీద ఒక వరస అరటిచెట్ల గురించి పేచీ ఉంది. ఆ చెట్లు లాజరు తండ్రి నాటినవని జెకర్యాకి తెలుసు. తెలిసీ, ఏటికి అవతలికి తన మాట ఒక్కటే పంపాడు. ఆ చెట్లని ఎన్నడూ చూడని పెద్దయ్యగారు, చెట్లు జెకర్యావేనని, లాజరు తప్పు ఒప్పుకునేదాకా ప్రార్థన ఇంటి గడప తొక్కకూడదని తీర్పు పంపారు. ఆ తీర్పుని ఆదివారం నాడు అందరి ముందూ మైకులో చెప్పింది కూడా జెకర్యానే. లాజరు చాప మీద నుంచి లేచి, భార్యని లెమ్మని చెప్పి, వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఆ వరసలో కాసిన గెలలు జెకర్యా కోశాడు గానీ, ఒక్క కాయా ఇంట్లో వండనివ్వలేదు, ఒక్క పండూ తినలేదు. ఎందుకో అని భార్య రూతమ్మ అడిగితే కసురుకున్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు పెద్దయ్యగారు జెకర్యాకే ఒక కుర్చీ తెచ్చారు. చేతులున్న కుర్చీ. భుజాల మీద శాలువా కప్పి, ఇక నువ్వు ఉత్త పెద్దవి కాదు, నా కింద కాపరివి అన్నారు. జెకర్యా మొహమాటపడ్డాడు, కానీ కూర్చున్నాడు. కూర్చుంటే బాగానే ఉంది. అప్పుడన్నారు పెద్దయ్యగారు: మీ రొట్టె ఓ వారం ఉప్పన, ఓ వారం మాడు, ఇదేం భక్తి? ఇకనుంచి నేను ప్రార్థన చేసిన రొట్టె పట్నం నుంచి వస్తుంది. మీరెవరూ పొయ్యి వెలిగించక్కర్లేదు.

ఆడవాళ్ళు కూడా హమ్మయ్య అనుకున్నారు. పిండి కోసం ఇల్లిల్లూ తిరిగే పని తప్పింది. లాజరు గుమ్మం వైపు ఎవరూ వెళ్ళనక్కర్లేకుండా పోయింది.

తర్వాత శ్రావణంలో గోదారి పొంగింది. పట్నం పడవలు ఆగిపోయాయి. రొట్టె రాలేదు, ఏ పాట పాడాలో కబురూ రాలేదు. జనం ఆదివారం ఆదివారం వచ్చి, ఖాళీ పళ్ళెం చుట్టూ కూర్చుని, వాన చప్పుడు విని ఇళ్ళకి పోయేవారు. ఇళ్ళల్లో డబ్బాల నిండా పిండి ఉంది. రొట్టె చేద్దామని మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు.

అదే సమయంలో దీనమ్మకి జ్వరం తగులుకుంది. దీనమ్మ ఆ లంకకల్లా పెద్దావిడ. జెకర్యా పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆవిడే. మంచం దిగలేకపోతోంది. జెకర్యాని పిలిపించి, ఒరే, నాకింక ఎక్కువ రోజుల్లేవు, నేను పోయేలోగా ఒక్కసారి ప్రభువు రొట్టె నా నోట పెట్టరా అని అడిగింది.

జెకర్యా నోట మొదట వచ్చిన మాట ఇదీ: "కనుక్కుని చెప్తానత్తా."

నీళ్ళు కొంచెం తీశాయి. జెకర్యా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవ ఎక్కాడు. పట్నంలో పెద్దయ్యగారి మేడ ముందు వసారాలో ఒక బల్ల ఉంది. దాని మీద అప్పటికే ఇద్దరు కూర్చున్నారు. ఇద్దరూ తల నెరిసినవాళ్ళే, ఇద్దరూ కాపరులే. పక్కన చోటిచ్చి వందనాలండీ అన్నారు.

మాటల్లో మాటగా ఏం పనిమీద వచ్చారని అడిగాడు జెకర్యా. మొదటాయన పేరు తీతు. వాళ్ళ ఊళ్ళో గాలికి కొబ్బరిచెట్టు పడి ప్రార్థన ఇంటి తలుపుకి అడ్డంగా ఉందట. దాన్ని కొట్టేసుకోవచ్చో లేదో అడగడానికి వచ్చాడట. మరి అప్పటిదాకా లోపలికి ఎలా వెళ్తున్నారని అడిగితే, కిటికీలోంచి అన్నాడు తీతు. ముసలివాళ్ళని మేమే ఎత్తి లోపలికి దింపుతున్నామండీ, ఏం ఇబ్బంది లేదు అన్నాడు.

జెకర్యాకి నవ్వొచ్చింది. అణుచుకున్నాడు.

రెండో ఆయన పేరు ఓబద్యా. వాళ్ళ ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు విడిపోతే, తమ్ముడిది తప్పని పెద్దయ్యగారు తీర్పు చెప్పారట. వరదలో ఒకే అటక మీద చిక్కుకుని, ఆ ఇద్దరూ ఏడ్చి, కలిసిపోయి, ఒకే కంచంలో తిన్నారట. పెద్దయ్యగారి సెలవు లేకుండా కలిసిపోయారు కదా, ఇది పాపం కింద వస్తుందా రాదా కనుక్కుందామని వచ్చాడట.

ఈసారి జెకర్యాకి నవ్వు రాలేదు.

"మరి మీరండీ?" అన్నాడు తీతు.

ఒక ముసలావిడ చచ్చిపోతూ రొట్టె అడిగిందండీ, పెట్టొచ్చో లేదో కనుక్కుందామని, అని చెప్పాడు జెకర్యా. చెప్తుంటే తన మాట తనకే వినపడింది. తీతు, ఓబద్యా ఇద్దరూ తలూపారు. అవునవును, కనుక్కోవడమే మంచిదండీ అన్నారు. ఆ తలలూపడం చూశాక జెకర్యా తమ ముగ్గురినీ ఒకసారి చూసుకున్నాడు. మనవలున్న మొగవాళ్ళు ముగ్గురు, చేతులు కట్టుకుని, బల్ల మీద వరసగా.

పెద్దయ్యగారు ఒక్కొక్కరినే పిలిచారు. చెట్టుని నేనొచ్చి చూసేదాకా ముట్టుకోవద్దన్నారు. అన్నదమ్ముల్ని నేను విచారించేదాకా విడిగా ఉంచమన్నారు. జెకర్యా మాట మాత్రం జాలిగా విన్నారు. ఆవిడ కోసం ప్రార్థన చేస్తానన్నారు. కానీ ఈ నెలకి ప్రార్థన చేసి ఉంచిన రొట్టె అయిపోయింది, వచ్చే నెల నేనే స్వయంగా తెస్తాను, అంతదాకా ఓర్చుకోమని చెప్పు అన్నారు. మా ఊళ్ళో మేమే చేసుకుంటే ఎలాగండీ అని గొణిగాడు జెకర్యా. పెద్దయ్యగారు నవ్వారు. ఇవాళ ఒక ముసలమ్మకి ఒప్పుకుంటే రేపు లంకకో పొయ్యి లేస్తుంది, నువ్వు కాపరివి, నీకు నేను చెప్పాలా అన్నారు.

జెకర్యా సరేనండీ అన్నాడు. దండం కూడా పెట్టి వచ్చాడు.

ఆ మాటే తెచ్చి దీనమ్మ మంచం దగ్గర చెప్పాడు. వచ్చే నెలట అత్తా, ఓర్చుకోమన్నారు.

దీనమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"ఆయన నన్నెప్పుడైనా చూశాడట్రా?"

"లేదత్తా."

"నువ్వు?"

జెకర్యా ఆవిడ దుప్పటి సర్దబోయాడు.

"పుట్టిందగ్గర్నించీ నన్నెరిగినవాడివి నువ్వు. ఎరగనాయన దగ్గరికి ఏరు దాటి పోయి, దీనమ్మకి రొట్టె పెట్టనా అని అడిగొచ్చావు. నాకు ఆయన మీదేం కోపం లేదురా. నువ్వడిగినందుకే సిగ్గేస్తోంది."

ఆ మాట ఆవిడ కోపంగా అని ఉంటే జెకర్యా తట్టుకునేవాడు. ఆవిడ మెల్లగా అంది. జెకర్యా తల దించుకుని, ఇప్పుడే మా ఇంట్లో చేయించి తెస్తానన్నాడు. దీనమ్మ ఒప్పుకోలేదు. ఒక్క ఇంటి పిండి తాను తిననంది. ఊరంతా ఇస్తేనే రొట్టె అంది.

జెకర్యా గిన్నె పట్టుకుని బయల్దేరాడు. ప్రతి గుమ్మం ముందూ పెద్దయ్యగారు వద్దన్నారని చెప్పాడు, అయినా అడుగుతున్నానని చెప్పాడు. దాచలేదు. కొందరు భయపడుతూ వేశారు, కొందరు ఏడుస్తూ వేశారు. ఆఖరికి లాజరు గుమ్మం మిగిలింది.

లాజరు తలుపు తీసి, గిన్నె చూశాడు, మనిషిని చూశాడు.

"సెలవు తెచ్చుకున్నావా బావా, నా గుమ్మం ముందు నిలబడడానికి?"

"తేలేదు."

"మరి?"

"ఆ చెట్లు మీ నాన్న నాటాడు. నాకప్పుడూ తెలుసు. తెలిసే కబురు పంపాను. నిన్ను లేచి పొమ్మని మైకులో చెప్పింది నేనే, ఆయన కాదు."

లాజరు లోపలికి పోయాడు. ఎంతకీ రాలేదు. జెకర్యాకి వెళ్ళిపోదామనిపించింది, అయినా గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చివరికి లాజరు భార్య వచ్చి గిన్నెలో పిండి వేసి, మొహం చూడకుండా తలుపు వేసుకుంది. పిండి వేసిందే గానీ క్షమించానని అనలేదు. జెకర్యా కూడా అడగలేదు.

ఆ సాయంత్రం రూతమ్మ రొట్టె చేసింది. జనం దీనమ్మ ఇంట్లో పట్టక వాకిట్లో కూడా కూర్చున్నారు. లాజరు దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. జెకర్యా విరిచి ఇస్తే దీనమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మాడ్చావే రూతూ అంది. అంతా ఏడుస్తూ నవ్వారు. ఆ వారమే ఆవిడ ప్రశాంతంగా కన్నుమూసింది.

ఈ కబురు ఏరు దాటకుండా ఉంటుందా? పెద్దయ్యగారు వచ్చారు. మొహంలో చల్లదనం లేదు. నీకీ అధికారం ఎవరిచ్చారు అని అందరి ముందూ జెకర్యాని నిలదీశారు.

"ఎవరూ ఇవ్వలేదండి. అది ముందునించీ మాకుంది. మీరు లాక్కోలేదు, మేమే మీ చేతిలో పెట్టాం. మీరు అడిగినందుకంటే మేం ఇచ్చినందుకు సిగ్గుగా ఉందండి."

అయితే నేనిచ్చినవి నాకు ఇచ్చేయండి అన్నారు పెద్దయ్యగారు. ఆయన భయపెట్టడానికే అన్నారు. కానీ ఊరివాళ్ళు నిచ్చెన వేసి రేకులు విప్పారు. మైకు దించారు. కుర్చీని జెకర్యానే నెత్తిన పెట్టుకుని రేవుకి మోసుకెళ్ళాడు. అన్నీ పడవలోకి ఎక్కాక, జాగ్రత్తగా వెళ్ళిరండి అని దండాలు పెట్టారు.

ఇక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేది. కానీ పిల్లలూ, ఆ ఆదివారం ఏమైందో కూడా వినండి.

అందరూ వచ్చి చాపల మీద కూర్చున్నారు. లాజరు కూడా వచ్చాడు. పైన కప్పు లేదు, ఆకాశం ఉంది. ఇప్పుడు ఎవరి మనసులో పాట పుడితే వాళ్ళు పాడొచ్చు. ఆపేవాళ్ళెవరూ లేరు. కానీ ఎవరూ పాడలేదు. కబురు కోసం చూసి చూసి, సొంతంగా మొదలుపెట్టడం మర్చిపోయారు. జెకర్యా నోరు తెరిచాడు, తనకి ఏ పాట ఇష్టమో తనకే గుర్తు రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒకరి మొహం ఒకరు చూడలేక అందరూ నేల చూపులు చూశారు. అలాగే లేచి వెళ్ళిపోయారు. తర్వాతి వారం కూడా అంతే.

ఆ మరుసటి వారం లాజరు భార్య, తల వంచుకునే, ఒక పాట అందుకుంది. గొంతు బొంగురుగా ఉంది. సగం పాడి ఆపేసింది. మిగతా సగం ఆవిడకి గుర్తులేదు, ఊళ్ళో మరెవరికీ గుర్తులేదు. అందుకని వచ్చిన ఆ సగమే అందరూ కలిసి మళ్ళీ మళ్ళీ పాడుకున్నారు.

కాబట్టి తెలుసుకోవలసిన నీతి ఏమిటంటే, మన కళ్ళముందున్న మనిషికి చెయ్యాల్సిన మంచికి దూరాన ఉన్నవాళ్ళ సెలవు అడగడం ఒకసారి అలవాటైతే, ఆ సెలవు అక్కర్లేని రోజు వచ్చినా మనకి చేతులు ఆడవు, గొంతు పెగలదు.