కంటి గీత

మా కూర్మారావు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఆర్ట్స్ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లం ఏది గీసి తీసుకెళ్లినా, బాగుందనీ బాగులేదనీ అనేవారు కాదు. కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, "నువ్వెక్కడున్నావు?" అని అడిగేవారు. కూజా గీసినా అదే ప్రశ్న, కుర్చీ గీసినా అదే ప్రశ్న. "మీ ఎదురుగానే ఉన్నానుగా మాస్టారూ" అన్నాడొకసారి మా కొండబాబు. "నాకు కనపడుతున్నావు నాయనా. బొమ్మలోనే కనపడటం లేదు" అన్నారాయన.

ఆయన అడిగేది కంటి గీత సంగతి. దాన్ని కాస్త విడమరిచి చెబుతాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని మీదే నడుస్తుంది. తిన్నగా సాగే రోడ్డు మధ్య నిలబడి చూడండి. రెండు అంచులూ దూరాన ఒకచోట కలిసినట్టు కనిపిస్తాయి. ఆ కలిసే చోటు సరిగ్గా మీ కంటి ఎత్తులో ఉంటుంది. అక్కడే కూర్చోండి, అదీ మీతోపాటు కిందికి దిగుతుంది. ఆ ఎత్తున కాగితం మీద అడ్డంగా వేసుకునేదే కంటి గీత. అంటే బొమ్మలో ఆ చోటు పట్టుకున్నామా, గీసినవాడి కన్ను ఏ ఎత్తులో ఉందో తెలిసిపోతుంది. ఫోటోకైనా ఇదే లెక్క.

నా పక్క బల్ల హైమవతిది. వాళ్ల నాన్న అప్పన్నగారికి రాజాంలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఈ పిల్ల కాలేజీలో చేరిన రెండు నెలలకే ఆయన గుండె ఆగి పోయారు. జబ్బు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ముప్ఫై ఏళ్లు ఊరందరికీ ఫోటోలు తీసిన మనిషికి తనదంటూ ఒక్క ఫోటో మిగల్లేదు. ఉన్న ఒక్క పెళ్లి ఫోటో తుఫాను ఏడాది తడిసి తెల్ల కాగితమైపోయింది. క్లాసు అయిపోయాక హైమ రోజూ కూర్చుని ఆయన ముఖం గీసేది. మొదట్లో ముక్కు కుదిరేది, కళ్లు కుదిరేవి కావు. పోనుపోను ముక్కు మీద కూడా అనుమానం పట్టుకుంది. "మీసం ఎటువైపు పలచనో మర్చిపోయానే" అంది నాతో ఒకరోజు, ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

దసరా సెలవుల ముందు మాస్టారి దగ్గరికి వెళ్లి నిలబడింది. "ఎదురుగా లేని మనిషిని గీయటం ఎప్పుడు నేర్పుతారు మాస్టారూ? నేనింకా ఇక్కడ ఉన్నది అందుకే. కూజాలతో ఏడాది గడిచిపోతే, ఆ తర్వాత గీయటానికి నాకేం గుర్తుంటుంది? కుదరదంటే చెప్పండి. ఇంటికి వెళ్లినదాన్ని మళ్లీ రాను."

"మీ నాన్నగారి ఫోటోలు ఓ నాలుగు పట్టుకురా. నేల కనిపించేవి" అన్నారు మాస్టారు.

"నాన్నవి లేవండీ."

"ఆయన తీసినవి, తల్లీ."

సెలవులయ్యాక తెచ్చింది. ఒకటి పాకే పసివాడు. ఒకటి కుర్చీలో కూర్చున్న ముసలమ్మ. ఒకటి నిలువెత్తు కానిస్టేబులు. నాలుగోదాన్ని బోర్లా పెట్టింది. అన్నిట్లోనూ స్టూడియోలోని నల్లా తెల్లా గళ్ల గచ్చే. మాస్టారు మొదటి మూడింటినీ బోర్డుకు గుచ్చి, ఆమె చేతికి దారం ఉండ ఇచ్చారు. "గచ్చు గీతల వెంట లాగు."

లాగింది. పసివాడి ఫోటోలో దారాలు వాడి కళ్ల ఎత్తులోనే కలిశాయి. అంటే అప్పన్నగారు కెమెరాను నేలకు దించి, తానూ బోర్లా పడుకున్నారన్నమాట. ముసలమ్మ ఫోటోలోనూ ఆమె కళ్ల ఎత్తులోనే. కానిస్టేబులు ఫోటోలోనూ దారాలు అతని కళ్ల ఎత్తుకే చేరేసరికి హైమకు నవ్వొచ్చింది, వాళ్ల నాన్న పోయాక మేము చూసిన మొదటి నవ్వు. "దీనికి పీట ఎక్కి ఉంటాడు. నాన్న పొట్టి."

"అయితే మీ నాన్నగారు ఎవరి దగ్గరికైనా వాళ్ల ఎత్తుకే వెళ్లేవారన్నమాట" అన్నాడు కొండబాబు.

మాస్టారు నాలుగోదాన్ని తిప్పారు. హైమదే. లంగా ఓణీలో, కాలేజీకి బయలుదేరే ముందు తీయించుకున్నది.

"అది వద్దండీ. అది తప్పొచ్చింది" అంది హైమ. "కింద నుంచి తీశాడు. గడ్డం ముందుకొచ్చి, ముక్కు రంధ్రాలు రెండూ కనిపిస్తున్నాయి. ఊరందరినీ బాగా తీస్తావు, కూతుర్ని ఒక్కసారి సరిగ్గా తీయలేవా అని అడిగేశాను. కెమెరా స్టాండు మర పట్టేసిందమ్మా, పైకి రావటం లేదన్నాడు. నేను వెళ్లి ఎదురు స్టూడియోలో ఇంకోటి తీయించుకున్నాను."

"దారం లాగు" అన్నారు మాస్టారు.

ఈసారి దారాలు నడుము దగ్గర, ఓణీ కొంగు దోపిన చోట కలిశాయి. హైమ లేచి నిలబడి తన నడుము ఎత్తున చేయి పెట్టుకుని చూసింది. ఆ చేతినే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

"స్టూడియోలో మూడు కాళ్ల స్టూలు ఒకటుంది" అంది చివరికి. "చిన్నపిల్లల్ని కూర్చోబెట్టేది. దాని మీద కూర్చుని తీశాడు." ఇంకాసేపటికి, "మొన్న సెలవుల్లో ఆ స్టాండు నేనే మడిచి పెట్టాను మాస్టారూ. మర ఒక్క వేలితో తిరిగింది. అది పట్టెయ్యలేదు. నాన్న లేవలేకపోయాడు."

మాస్టారు మూలనున్న పొట్టి స్టూలు తెచ్చి బోర్డు ముందు వేశారు. "కూర్చో" అన్నారు. ఆమె కూర్చున్నాక, ఫోటోలో దారాలు కలిసిన చోటు ఆమె కంటికి సూటిగా వచ్చేలా కిందికి జరిపి గుచ్చారు.

"అక్కడి నుంచి ఆ పిల్ల ఎలా కనిపిస్తోంది?"

మిగతా మూడు ఫోటోల్లో అందరూ తిన్నగా కెమెరాలోకే చూస్తున్నారు. ఈ ఒక్క పిల్ల మాత్రం గడ్డం ఎత్తి, కెమెరా మీదుగా, దూరంగా తలుపు వైపు చూస్తోంది.

"ఎత్తుగా ఉందండీ" అంది హైమ. "చాలా ఎత్తుగా ఉంది."

తర్వాత ఒళ్లోకి కాగితం తీసుకుంది. ఎప్పటిలాగే పైన, నడిమధ్య, ముఖానికని పెన్సిలు ఆనించింది. మాస్టారు వెనక నుంచి వంగి అన్నారు.

"ముందు కంటి గీత వేసుకో అమ్మా. ఆయన ఎక్కడున్నారో తెలిసింది కదా."