చీపురుకొండ మీది ఆకుల కుప్ప

మనుషులు వచ్చి వెళ్లాక పొగకొండ మీద పిట్ట కూయలేదు.

వాళ్లు మూడుకాళ్ల పీట మీద ఒక యంత్రం పెట్టారు. అందులోంచి సన్నటి ఎర్రదారం లాంటి వెలుగు మంచులోకి సాగింది. దానికి వేడి లేదు, చప్పుడు లేదు. పుట్ట తవ్వుకుంటున్న పొలుసమ్మ అనే అలుగు వీపు మీదుగా అది జారిపోయింది.

"అమ్మా, అది మనల్ని లెక్కపెట్టిందా?" అంది తోక మీద కూర్చున్న పిల్ల.

"మనల్ని కాదమ్మా, కొండని" అంది పొలుసమ్మ. అన్నదే గానీ, ఆమె పొలుసులన్నీ వాటంతటవే లేచి నిలబడ్డాయి.

ఆ అడవిలో పాతకాలపు కట్టుబాటొకటి ఉంది. నూరు నిలువుల ఎత్తుంటే కొండ, ఏమాత్రం తగ్గినా మెట్ట. కొండ మీద మచ్చలదొర అనే చిరుత వేటాడకూడదు. మెట్ట మీద అతని ఇష్టం. కొండల పట్టీని ఎలుగుతాత వేగిసచెట్టు బెరడు మీద గోళ్లతో గీసి ఉంచాడు. ఆరు కొండలు, ఆరు గీతలు.

మర్నాడే గుంటయ్య అనే నక్క వచ్చి ఎలుగుతాత ముందు కూర్చుంది.

"తాతా, పట్టీ దిద్దుకో. పొగకొండ కొండ కాదట. నూటికి ఒక నిలువు తక్కువ తేలింది."

"మా తాతల నాటి నుంచీ అది కొండే కదరా."

"మీ తాతలు కంటితో కొలిచారు. వీళ్లు లేజరుతో కొలిచారు. గడ్డిపరక తేడా కూడా దాన్నుంచి తప్పించుకోదు. కొండైతే తెల్లరాయి, మెట్టయితే ఎర్రరాయి పాతిపోయారు. వెళ్లి చూసుకో."

ఎలుగుతాత రొప్పుతూ శిఖరం ఎక్కాడు. మంచులో ఎర్రరాయి రెప్ప లేని కన్నులా ఉంది. "రేపు పంచాయతీ పెట్టి, పొద్దు గూకగానే గీత కొట్టేస్తాను" అన్నాడు.

చీమలు తిని తిరిగొస్తూ పొదల చాటున పొలుసమ్మ రెండు గొంతులు వింది. "మొదటి వేట మీది దొరా, మిగిలింది నాది" అంటోంది నక్క. చిరుత మూతి నాక్కుంటున్న చప్పుడు వినిపించింది.

పొగకొండ మీద కొండగొర్రెల మంద ఉంది. అందులో మూడు నిండు చూలాళ్లు. వాటికీ, తన పిల్లకీ చోటు వెతుకుతూ పొలుసమ్మ పక్కనున్న చీపురుకొండ ఎక్కింది. గుంటయ్య కాపురం ఉండేది అక్కడే. శిఖరం మీద ఎండుటాకుల కుప్ప కనబడింది. రాలిన ఆకులు చెల్లాచెదురుగా పడతాయి గానీ ఒకదాని మీద ఒకటి సర్దుకుని కూర్చోవు కదా. ముక్కుతో తోసి చూసింది. కింద ఎర్రరాయి.

చాలాసేపు దానివంక చూసింది. తర్వాత ఆకులు మళ్లీ కప్పేసి దిగిపోయింది.

"తాతా, రేపటి పంచాయతీ చీపురుకొండ మీద పెట్టు. అక్కడైతే అందరికీ చోటు సరిపోతుంది" అంది ఎలుగుతాతతో. కొండగొర్రెలతో మరో మాట చెప్పింది: "నేను దిగితే మీరూ దిగండి. నడవండి. పరుగు మాత్రం వద్దు."

మర్నాటి సాయంత్రం అందరూ చేరారు. గుంటయ్య అందరికంటే ముందొచ్చి ఆకుల కుప్ప మీద బాసింపట్టు వేసుకుంది.

"దొరా, ఒక సందేహం" అంది పొలుసమ్మ. "ఎర్రరాయి ఉన్నచోట గొర్రెనే తినాలనీ, నక్కని తినకూడదనీ ఏమైనా ఉందా?"

"ఆకలికి అలాంటి పట్టింపులుండవు" అన్నాడు మచ్చలదొర.

"గుంటయ్యా, కాస్త జరుగు నాయనా. నీ కింద చీమలున్నాయి. పిల్ల ఆకలంటోంది."

"చీమలేం లేవు వదినా."

"ఉన్నాయి. నిన్న చూశాను."

నక్క కదల్లేదు. ఎలుగుతాత దాని భుజం పట్టి పక్కకి లాగి, ఆకులు ఊడ్చాడు. పడమటి ఎండ రాయి మీద పడింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మచ్చలదొర మెల్లగా.

"అడుగంటే అడుగే తక్కువ దొరా. దీన్నీ ఒక లెక్కలోకి తీసుకుంటారా?" అంది గుంటయ్య.

"తక్కువైతే తక్కువే" అన్నాడు ఎలుగుతాత తల ఎత్తకుండా. "పట్టీలో ఇక నాలుగే."

పొద్దు గూకింది. పొలుసమ్మ వెనుదిరిగింది. కొండగొర్రెలు ఆమె వెంట ఒక్కొక్కటే దిగి, తెల్లరాయి ఉన్న నల్లకొండ వైపు నడిచాయి. వెనక గుంటయ్య మాట్లాడుతూనే ఉంది. బతిమాలింది, పాత స్నేహం గుర్తుచేసింది, ఇంకెక్కడ ఏ జంతువు దొరుకుతుందో పేరు పేరునా చెప్పింది. సగం వాలు దిగేసరికి ఆ మాట ఆగిపోయింది.

"అమ్మా, నక్కమామ ఎందుకు ఊరుకున్నాడు?"

పొలుసమ్మకి సంతోషం కలగలేదు. వెనక్కి చూడనూ లేదు.

"తోక గట్టిగా పట్టుకో" అంది.

నీతి: ఎదుటివాడి కొండను మెట్ట అనే ముందు నీ కాలికింద నేల ఎంత ఎత్తుందో చూసుకో.