ఖుద్దూస్ సాహెబ్ కట్టేసిన కుళాయి

నంద్యాలలో ఏసీలు బాగుచేసే దస్తగిరికి వారం రోజులుగా కాలు నిలవడం లేదు. మెకానిక్కులకు పెట్టిన శిక్షణ క్లాసుకు వెళ్లొచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

పాత మిషన్లలోని గ్యాస్ గాల్లోకి వదిలితే మెల్లమెల్లగా పైపైకి పోతుందని, అక్కడ అందులోంచి విడిపోయిన ఒక్క క్లోరిన్ కణమే వేలకొద్దీ ఓజోన్ కణాలను విరిచేస్తుందని ఆ క్లాసులో చెప్పారు. ఎండలోని విషాన్ని ఆపేది ఆ ఓజోన్ పొరేనట. అది పలచబడితే మనుషుల కళ్లకూ చర్మానికీ, పొలాల్లో పైరుకూ చేటేనట. దస్తగిరి పందొమ్మిదేళ్లుగా పైపు కోసి, గ్యాస్ సుయ్‌మని పోతుంటే పక్కన నిలబడి టీ తాగినవాడు.

శుక్రవారం సాయంత్రం నమాజు వేళకు మసీదులో ఉన్న తన గురువు ఖుద్దూస్ సాహెబ్ దగ్గరికి పరుగున వచ్చాడు. ఆయన కుళాయి దగ్గర వజూ చేసుకుంటూ, నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కుంటున్నారు. దస్తగిరి పక్క కుళాయి తిప్పి, చేతులు కడుగుతూనే మొదలుపెట్టాడు. నలభై రోజులు ఒంటరిగా ప్రార్థన చేసుకుంటూ చిల్లా కూర్చుంటానన్నాడు. పేదలకు అన్నం పెడతానన్నాడు. అవసరమైతే దుకాణమే మూసేస్తానన్నాడు. మొహం కడిగిందే మళ్లీ కడిగాడు.

"ఎప్పటి నుంచి?" అన్నారు సాహెబ్.

దస్తగిరి కాస్త తడబడ్డాడు. ఒక కల్యాణమండపంలో పద్నాలుగు పాత ఏసీలు రేపటికల్లా విప్పాలి. గ్యాస్‌ను సిలిండర్లోకి లాగే మిషన్ కర్నూలు నుంచి తెచ్చి పనిచేస్తే నాలుగు రోజులు పడుతుంది. అంతవరకూ ఓనరు ఆగడు. ఈ ఒక్కసారికి పాత పద్ధతిలోనే కానిచ్చి, ఎల్లుండి చిల్లాకు కూర్చుంటానని చెప్పుకుపోయాడు.

సాహెబ్ చెయ్యి చాచి అతని కుళాయి కట్టేశారు.

"హజ్రత్, నేనింకా కాళ్లు కడుక్కోలేదు."

"కడుక్కునేటప్పుడు తిప్పుకో."

దస్తగిరి కిందికి చూశాడు. తను మాట్లాడినంతసేపూ పారిన నీళ్లు గడప దాటి వీధిలోకి పోయాయి. ఈ పందొమ్మిదేళ్ల పాపానికి ఏం చేయాలని అడిగాడు.

"క్లాసులో ఏం చెప్పారు?"

"ఇక వదలకుండా ఉంటే ఆ పొర దానంతటదే మానుతుందన్నారు. ఏళ్లు పడుతుందట."

"పుండు గిల్లకు మరి," అని సాహెబ్ లోపలికి వెళ్లిపోయారు.

దస్తగిరి తడి చేతులతోనే ఓనరుకు ఫోన్ చేసి, నాలుగు రోజులు కావాలన్నాడు. వేరేవాణ్ణి చూసుకుంటానని అవతలి మనిషి విసుక్కున్నాడు. ఆ వచ్చేవాడెవరో చెబితే మిషన్ తనే తెచ్చిస్తానని, కూలి అక్కర్లేదని దస్తగిరి బతిమాలాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

లోపల నమాజుకు వరస కడుతున్నారు. అతను కుళాయి కొద్దిగా తిప్పి, కాళ్లు కడుక్కుని, కట్టేసి, వెళ్లి చివర నిలబడ్డాడు.